రాయని దినుసు

మామిడికాయల రోజుల్లో మీ ఇంట్లో ఆవకాయ పెడతారు గదా! ఒక చిన్న కథ ఊహించుకోండి. కొత్తగా కాపురం పెట్టిన మీ పిన్నికి తనే ఆవకాయ పెట్టాలని సరదా పుట్టింది. "ఎలా పెట్టాలో రాసి పంపమ్మా!" అని అమ్మమ్మని అడిగింది. అమ్మమ్మ కాగితం మీద రాసి పంపింది: ముక్కలు ఇన్ని, కారం ఇంత, ఆవపిండి ఇంత, ఉప్పు ఇంత, నూనె ఇంత. పిన్ని అక్షరం పొల్లుపోకుండా అలాగే చేసింది. నెల తిరక్కుండానే జాడీలో బూజు పట్టింది.

తప్పు ఎవరిది? కాగితం మీద ఉన్నదంతా సరైనదే. పిన్ని చేసిందీ సరైనదే. తప్పంతా కాగితం మీద లేని దాంట్లో ఉంది. కాయల్ని కడిగాక తడి లేకుండా తుడిచి, ఆరనిచ్చి, ఆ తరవాతే ముక్కలు కొట్టాలి. ఆ మాట అమ్మమ్మ రాయలేదు. మరిచిపోయి కాదు. యాభై ఏళ్ళుగా ఆవిడ చెయ్యి దానంతటదే ఆ పని చేసేస్తోంది. అదొక చెప్పవలసిన సంగతి అని ఆవిడకు తోచనే లేదు!

ఈ ఆవకాయ గొడవ ఇక్కడెందుకంటారా? కంప్యూటరు ప్రోగ్రాములు తయారుచేసేవాళ్ళు రోజూ పడే అవస్థ అచ్చం ఇలాంటిదే. ఒకచోట చక్కగా తయారైన ప్రోగ్రాము ఇంకోచోట మొండికేస్తుంది. అప్పుడు రాయని దినుసు ఏదో వెతికి పట్టుకోవాలి. ఎలా పట్టుకుంటారో చూద్దాం. అలాంటి దినుసు ఒకటి 2024 లో ప్రపంచంలోని కంప్యూటర్లకు ఎంత ముప్పు తేబోయిందో కూడా చివర్లో తెలుసుకుందాం.

కాగితమూ, జాడీ

ప్రోగ్రాముకి రెండు రూపాలుంటాయి. ఒకటి మనిషి రాసేది, మనిషి చదవగలిగేది. దీన్ని సోర్సు కోడు అంటారు. ఇది అమ్మమ్మ కాగితం లాంటిది. రెండోది కంప్యూటరు నడపగలిగేది. ఇది వట్టి సున్నాల, ఒకట్ల వరస. ఇది జాడీలో ఆవకాయ లాంటిది. మొదటి రూపాన్ని రెండో రూపంలోకి మార్చే ప్రోగ్రామునే కంపైలరు అంటారు.

బజార్లో అమ్మే ప్రోగ్రాముల్లో చాలావాటికి జాడీ మాత్రమే ఇస్తారు. కాగితం చూపించరు. ఈ పద్ధతి సరికాదని అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన 1983 లో "గ్నూ" అనే ప్రణాళికను ప్రకటించాడు. ఇందులోని ప్రోగ్రాముల సోర్సు కోడును ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని పదిమందికీ పంచవచ్చు. ఇలాంటి ప్రోగ్రాములను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అనీ, ఓపెన్ సోర్సు అనీ అంటారు.

కాగితం అందరికీ దొరికినంత మాత్రాన అందరూ ఆవకాయ పెట్టలేరు గదా! అందుకని ఎవరో ఒకరు ఆ కోడుతో ప్రోగ్రాము తయారుచేసి, దాని వాడకం చెప్పే పుస్తకాన్నీ, బొమ్మల్నీ, ఏది ఎక్కడ పెట్టాలో చెప్పే చీటీనీ కలిపి ఒకే పెట్టెలో సర్దుతారు. ఈ పెట్టె పేరే ప్యాకేజీ. దాన్ని తెరవమని కంప్యూటరుకి చెబితే చాలు, ప్రతి వస్తువూ దాని చోట్లోకి వెళ్ళి కూర్చుంటుంది.

ఇయాన్ మర్డాక్ అనే యువకుడు 1993 లో మొదలుపెట్టిన డెబియన్ అనే ఏర్పాటులో ఇలాంటి ప్యాకేజీలు వేలకొద్దీ ఉన్నాయి. పోతన 2000, వేమన 2000 అనే తెలుగు అక్షరాల ఫాంట్లు కూడా అందులో ప్యాకేజీగా దొరుకుతాయి. డెబియన్ ప్యాకేజీ ఫైలు పేరు చివర "డెబ్" అని ఉంటుంది. దాన్ని విప్పి చూస్తే లోపల మూడే మూడు వస్తువులు. ఒకటి, "2.0" అని మాత్రమే రాసి ఉన్న బుల్లి ఫైలు. అది పెట్టె ఏ పద్ధతిలో కట్టిందో చెబుతుంది. రెండోది చీటీల సంచి. మూడోది అసలు సరుకు. ఇంతే!

సరే, మనం ఒక ప్యాకేజీ కడదాం. "గ్నూ హలో" అనే ప్రోగ్రాము తీసుకుందాం. తెర మీద "హలో, వరల్డ్!" అని ఇంగ్లీషులో పలకరించడమే దాని పని. మరి అంత చిన్న పనికి ప్రోగ్రాము ఎందుకంటారా? సోర్సు కోడును ఎంత శుభ్రంగా సర్ది ఇవ్వాలో నేర్పడానికి నమూనాగా దాన్ని ఉంచారు. మన పనికి మెట్లు నాలుగు: కోడు మూట విప్పడం, కావలసినవన్నీ కంప్యూటర్లో ఉన్నాయో లేవో చూసుకోవడం, కంపైలు చెయ్యడం, పెట్టెలో సర్దడం. రెండో మెట్టుకి "కాన్ఫిగర్" అనీ, మూడో మెట్టుకి "మేక్" అనీ ఆజ్ఞ ఇస్తాం.

హలో బుద్ధిమంతురాలు. సాధారణంగా పేచీ పెట్టదు. కాని అన్ని ప్రోగ్రాములూ హలోలు కావు. ఏ మెట్టు దగ్గర కాలు జారుతుందో చూద్దాం పదండి.

చివరి బండిని అడగకండి

కంపైలు చేస్తున్నప్పుడు తెర మీద వందలకొద్దీ వరసలు పరుగెడతాయి. ఉన్నట్టుండి ఆగిపోతాయి. అట్టడుగు వరసలో "తప్పు 2" అన్న అర్థం వచ్చే మాట కనిపిస్తుంది. కొత్తవాళ్ళు ఆ వరసను పట్టుకుని తల బద్దలు కొట్టుకుంటారు. దాంట్లో ఏమీ లేదు!

సంతకు పోయే ఎడ్లబండ్ల వరస ఊహించుకోండి. మొదటి బండి బురదలో దిగబడింది. వెనక బండ్లన్నీ ఆగిపోయాయి. చివరి బండివాడి దగ్గరికి వెళ్ళి "ఎందుకాపావు?" అంటే "ముందు బండి ఆగింది బాబూ" అంటాడు. అంతకంటె వాడికేం తెలుసు? బురద ఎక్కడుందో తెలియాలంటే వరస వెంట ముందుకు నడిచి వెళ్ళాలి. అలాగే మీరు కూడా తెరను పైకి జరుపుకుంటూ పోయి, మొట్టమొదట వచ్చిన తప్పును చదవాలి.

అక్కడ ఏముంటుంది? ఒక మామూలు ఉదాహరణ చెబుతాను. బొమ్మల్ని చూపించే ప్రోగ్రాము ఒకటి కంపైలు చేస్తున్నారనుకోండి. "జెడ్‌లిబ్.హెచ్ అనే ఫైలు కనబడలేదు" అని ఆగింది. జెడ్‌లిబ్ అనేది సమాచారాన్ని చిన్నదిగా కుదించే లైబ్రరీ. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు. ఎన్నో ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకునే పనిముట్ల పెట్టె అన్నమాట.

"అదేమిటి? జెడ్‌లిబ్ నా కంప్యూటర్లో ఉందే! దాన్ని వాడే ప్రోగ్రాములు చక్కగా నడుస్తున్నాయే!" అంటారు మీరు. నిజమే. కాని చొక్కా తొడుక్కునేవాడికి చొక్కా ఉంటే చాలు. ఆ చొక్కా మీదికి సరిపోయే కోటు కుట్టే దర్జీకి చొక్కా కొలతలు కావాలి. నడిచే ప్రోగ్రాముకి లైబ్రరీ చాలు. కొత్త ప్రోగ్రామును కంపైలు చేసేవాడికి ఆ లైబ్రరీ కొలతల చీటీ కూడా ఉండాలి. ఆ చీటీనే హెడరు ఫైలు అంటారు. డెబియన్ లో ఈ రెండూ వేరువేరు ప్యాకేజీలు. కొలతల ప్యాకేజీ పేరు చివర "డెవ్" అని ఉంటుంది. దాన్ని కూడా తెచ్చుకుంటే బండి కదులుతుంది.

రెండో మెట్టు మీదే ఆగిపోతే? కాన్ఫిగర్ తాను వెతికినవీ, దొరకనివీ అన్నీ "కాన్ఫిగ్.లాగ్" అనే ఫైల్లో డైరీలా రాసి పెడుతుంది. తెర మీద ఒక ముక్కే చెప్పినా డైరీలో పూర్తి కథ ఉంటుంది. ముందు దాన్ని చదవండి.

కంటికి కనిపించని అక్షరం

కొన్ని తప్పులు ఎంత కళ్ళు పొడుచుకుని చూసినా కనిపించవు. దీనికి ఒక తమాషా కథ ఉంది.

"మేక్" ప్రోగ్రామును 1976 లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రాశాడు. ఏ ఫైలు తరవాత ఏ ఫైలును తయారుచెయ్యాలో "మేక్‌ఫైలు" అనే పట్టికలో రాస్తే, అది ఆ ప్రకారం చేసుకుపోతుంది. అయితే ఆ పట్టికలో ఆజ్ఞ రాసే ప్రతి వరసా ట్యాబ్ మీటతో మొదలుకావాలి. ట్యాబ్ బదులు స్పేస్ మీటని ఎనిమిది సార్లు నొక్కారనుకోండి. కంటికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. ఖాళీ ఖాళీయే గదా! కాని మేక్ ఒప్పుకోదు. "ఇక్కడ విడగొట్టే గుర్తు లేదు" అని పని ఆపేస్తుంది.

ఈ నియమం బాగాలేదని ఫెల్డ్‌మన్ కి త్వరలోనే తెలిసింది. మరి ఎందుకు మార్చలేదు? అప్పటికే ఆ ప్రోగ్రామును సుమారు ఒక డజను మంది వాడుతున్నారట. వాళ్ళలో ఎక్కువమంది స్నేహితులే. మారిస్తే వాళ్ళు ఇబ్బంది పడతారని వదిలేశాడు. ఆ డజను మంది మొహమాటానికి, ఈనాటికీ ప్రపంచమంతా ట్యాబ్ కోసం వెతుక్కుంటోంది!

ప్యాకేజీ చీటీలో కూడా ఇలాంటిదే ఇంకొకటుంది. చీటీలో ప్యాకేజీ పేరు, వెర్షన్ సంఖ్య, ఏ రకం కంప్యూటరుకి సరిపోతుంది, బాధ్యత ఎవరిది, క్లుప్తంగా వివరం రాయాలి. వెర్షన్ సంఖ్య అంకెతోనే మొదలుకావాలి. ఆఖరి వరస రాశాక ఎంటర్ మీట నొక్కి తీరాలి. నొక్కకపోతే "చివర కొత్త వరస లేదు" అని పెట్టె కట్టడానికి నిరాకరిస్తుంది. చీటీలో అన్నీ సరిగ్గా ఉన్నాయే అని మీరు గంటసేపు చూస్తూ కూర్చోవచ్చు. లేనిది అక్షరం కాదు, అక్షరాల తరవాత ఉండే ఖాళీ!

ఖాళీ పెట్టె

ఇంతవరకూ చూసిన తప్పులు మంచివి. ఎందుకంటే అవి కేక పెట్టి చెబుతాయి. కేక పెట్టని తప్పుతోనే అసలు చిక్కు.

మామూలుగా తయారైన ప్రోగ్రామును మీ కంప్యూటర్లో దాని చోట్లో పెట్టేస్తారు. కాని ప్యాకేజీ కట్టేటప్పుడు అలా పెట్టకూడదు. అన్నిటినీ ఒక విడి ఫోల్డర్లో పోగుచేసి, ఆ ఫోల్డర్ని మూట కట్టాలి. "నీ చోటు ఇది కాదు, తాత్కాలికంగా ఇక్కడ కూర్చో" అని చెప్పడానికి "డెస్ట్‌డిర్" అనే మాట వాడతారు.

కొందరు తమ మేక్‌ఫైల్లో ఆ మాటను పట్టించుకోరు. అప్పుడు ఫైళ్ళు పెట్టెలోకి కాక నేరుగా మీ కంప్యూటర్లోకి దూకేస్తాయి. మీరు మామూలు వాడకందారుగా ఉంటే "నీకు అనుమతి లేదు" అని కంప్యూటరే అడ్డుకుంటుంది. అది మన అదృష్టం. కాని విసుగెత్తి సర్వాధికారాలూ ఇచ్చేశారనుకోండి. ఏ తప్పూ రాదు. పెట్టె తయారవుతుంది. మీ కంప్యూటర్లో ప్రోగ్రాము కూడా నడుస్తుంది! పెట్టెలో మాత్రం ఏమీ ఉండదు. బంధువులకు పంపిన పార్సిలు వాళ్ళు విప్పేదాకా ఖాళీదని తెలియదన్నమాట.

అందుకని పెట్టె కట్టగానే అందులో ఏమేం ఉన్నాయో జాబితా అడగండి. అలా అడిగే ఆజ్ఞ ఉంది. ఒక్క నిమిషం పని. "అనుమతి లేదు" అన్న మాట వచ్చినప్పుడు మాత్రం అధికారం పెంచేసి తోసుకుపోకండి. ఎందుకు వద్దంటోందో ముందు కనుక్కోండి.

మా ఇంట్లో నడిచింది!

ఇప్పుడు నా తలవంపు కథ ఒకటి చెబుతాను. ఒకసారి ఒక చిన్న లెక్కల ఆటను నేనే ప్యాకేజీ కట్టాను. మా ఇంట్లో పది సార్లు పరీక్షించాను. పెన్‌డ్రైవులో వేసుకుని ఇంటర్నెట్ లేని ఒక బడికి పట్టుకెళ్ళాను. పిల్లలంతా చుట్టూ మూగారు. ప్యాకేజీ హాయిగా ఎక్కింది. ఆట తెరవమన్నాను. తెరుచుకోలేదు! "గ్లిబ్‌సీ 2.34 కనబడలేదు" అని ఒక్క వరస మిగిలింది. ఆ రోజు ఆ పిల్లలు ఆట ఆడకుండానే ఇళ్ళకు వెళ్ళారు.

ఏమయిందంటే, గ్లిబ్‌సీ అనేది దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆధారపడే మూల లైబ్రరీ. మా ఇంట్లో ఉన్నది 2023 లో వచ్చిన డెబియన్ 12. దాంట్లో గ్లిబ్‌సీ 2.36. బడిలో ఉన్నది 2021 నాటి డెబియన్ 11. దాంట్లో 2.31. కొత్త ఇంట్లో కంపైలైన ప్రోగ్రాము కొత్త లైబ్రరీలో ఉండే పద్ధతుల్ని కోరింది. పాత ఇంట్లో అవి లేవు. పాతదాని మీద కంపైలు చేసింది కొత్తదాని మీద మామూలుగా నడుస్తుంది. కొత్తదాని మీద చేసింది పాతదాని మీద నడవకపోవచ్చు. ఆ రాత్రి డెబియన్ 11 ఉన్న కంప్యూటరు మీద మళ్ళీ కంపైలు చేసి, మర్నాడు పట్టుకెళితే ఆట అన్ని కంప్యూటర్లలోనూ నడిచింది.

ఇంకో తప్పు కూడా నాదే. చీటీలో "ఈ ప్రోగ్రాముకి ఇవి కావాలి" అని రాసే గడి ఒకటుంది. నేను దాన్ని నింపలేదు. నింపి ఉంటే ప్యాకేజీ ఎక్కేముందే "నాకు కావలసింది ఇక్కడ లేదు" అని చెప్పేది. ఎందుకు నింపలేదు? మా ఇంట్లో అన్నీ ఉన్నాయి గనక! చూశారా, అమ్మమ్మ చేసిందే నేనూ చేశాను.

దీనికి డెబియన్ వాళ్ళు మంచి ఉపాయం పన్నారు. ప్రతి ప్యాకేజీనీ ఏమీ లేని శుభ్రమైన గదిలో మళ్ళీ తయారుచేస్తారు. గది అంటే కంప్యూటర్లోనే కట్టిన గది లాంటిది. అందులో కంపైలరు లాంటి కనీస పనిముట్లూ, చీటీలో కావాలని రాసిన దినుసులూ తప్ప ఇంకేమీ ఉండవు. రాయడం మరిచిన దినుసు ఏదైనా ఉంటే అక్కడ సాధారణంగా బయటపడుతుంది. పిన్ని వంటింట్లో వండి చూస్తే గాని అమ్మమ్మ కాగితంలో లోపం తెలియదు గదా!

కాగితంలో లేని దినుసు

ఇంతవరకూ చెప్పినవన్నీ పొరపాట్లు. ఎవరైనా కావాలనే కాగితంలో రాయని దినుసును జాడీలో కలిపితే?

అదే జరిగింది. "ఎక్స్‌జెడ్" అనేది ఫైళ్ళను కుదించే ఓపెన్ సోర్సు ప్రోగ్రాము. డెబియన్ లాంటి ఏర్పాట్లన్నిటిలోనూ ఉంటుంది. దాని పనిలో చేరి, రెండేళ్ళకు పైగా బుద్ధిగా సాయం చేసి, నమ్మకం సంపాదించిన వ్యక్తి ఒకరు 2024 లో 5.6.0, 5.6.1 అనే వెర్షన్లలో దొంగ కోడు దాచారు. దూరం నుంచి కంప్యూటర్లోకి ప్రవేశించే ద్వారానికి దొంగ తాళంచెవి చేసుకోవడం దాని ఉద్దేశం.

ఎలా దాచారో చూడండి. పరీక్షల కోసం ఉంచిన, మనిషి చదవలేని ఫైళ్ళలో విషం పెట్టారు. దాన్ని బయటికి తీసే మొదటి తీగను మాత్రం అందరూ చూసే కోడులో పెట్టలేదు. విడుదల చేసిన కోడు మూటలో, కాన్ఫిగర్ మెట్టు కోసం వాడే ఒక ఫైల్లో పెట్టారు. పైగా ఎవరైనా ఇంట్లో ఊరికే కంపైలు చేస్తే విషం బయటికి రాదు. డెబియన్ వాళ్ళ పద్ధతిలోనో, దానికి సాటి అయిన ఆర్‌పీఎం పద్ధతిలోనో ప్యాకేజీ కడుతున్నారని గమనిస్తేనే మేలుకుంటుంది!

దాన్ని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. ఆయన వెతుకుతున్నది దొంగల్ని కాదు. తన పనికి సంబంధించిన వేగం పరీక్షలు ఏవో చేసుకుంటున్నాడు. దూరం నుంచి కంప్యూటర్లోకి ప్రవేశించడానికి మామూలుకంటె సుమారు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. అర సెకను! మనమైతే "పోనిద్దూ" అనుకుంటాం. ఆయన పోనివ్వలేదు. అది ఎక్కడ ఖర్చవుతోందో అడుగడుగునా వెతుక్కుంటూ పోయి ఎక్స్‌జెడ్ దగ్గర తేలాడు. 2024 మార్చి 29 న లోకానికి చెప్పాడు. అప్పటికి ఆ వెర్షన్లు ఎక్కువగా పరీక్షలో ఉన్న ఏర్పాట్లలోకే చేరాయి. డెబియన్ లో అందరూ వాడే స్థిరమైన విడుదలకు ఇంకా చేరలేదు. ముప్పు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

సోర్సు కోడు అందరికీ అందుబాటులో ఉండబట్టే ఆయన దాని మూలం దాకా వెళ్ళగలిగాడు. కాని అందుబాటులో ఉన్నంత మాత్రాన చాలదు. వెతికి చూసే మనిషి ఉండాలి.

మీరూ చేసి చూడండి

మీ బడిలో డెబియన్ గాని, దాని మీద ఆధారపడిన ఉబుంటు గాని ఉన్న కంప్యూటరు ఉంటే, మాస్టారి అనుమతి తీసుకుని గ్నూ హలోతో మొదలుపెట్టండి. ఆగిపోయినప్పుడు ఈ అయిదు సంగతులూ గుర్తుంచుకోండి:

1. చివరి వరసను కాదు, మొదటి తప్పును చదవండి.

2. ఒకసారికి ఒక్కటే మార్చండి. అయిదు మార్చాక బాగుపడితే, బాగుచేసింది ఏదో మీకెన్నటికీ తెలియదు.

3. చేసిన ప్రతి మార్పునీ నోటుపుస్తకంలో రాసుకోండి.

4. పెట్టె కట్టాక లోపల ఏముందో చూసుకోండి.

5. మీ కంప్యూటర్లో కాదు, ఇంకొకరి కంప్యూటర్లో పరీక్షించండి.

కంప్యూటరు లేదా? ఫరవాలేదు. టీ ఎలా కాచాలో ఒక కాగితం మీద రాయండి. దాన్ని ఎన్నడూ వంటింట్లో అడుగుపెట్టని తమ్ముడికో, స్నేహితుడికో ఇవ్వండి. పెద్దవాళ్ళని ఒకరిని పక్కన ఉంచుకుని, రాసినది రాసినట్టే చెయ్యమనండి. మీరు మాత్రం నోరు మెదపకూడదు. ఎక్కడెక్కడ ఆగిపోతాడో చూడండి. పొయ్యి వెలిగించమని రాశారా? వడగట్టమని రాశారా? ఆగిన ప్రతిచోటా మీరు రాయని దినుసు ఒకటి ఉంటుంది.

దాన్ని కనుక్కున్నాక అసలు పని మిగిలే ఉంది. కాగితం మీద ఆ వరస చేర్చాలి. ఓపెన్ సోర్సు లోకంలో పద్ధతి ఇదే. లోపం కనిపెట్టినవాడు దిద్దుబాటును కోడు రాసినవాళ్ళకు పంపుతాడు. తరవాత వచ్చేవాడు అక్కడ ఆగనక్కర్లేదు.

అమ్మమ్మ కూడా తన కాగితంలో ఒక వరస చేర్చిందనుకుందాం: "కాయల్ని తడి లేకుండా తుడవాలి." వచ్చే ఏడాది పిన్ని జాడీకి బూజు పట్టదు. పిన్ని దగ్గర ఆ కాగితం తీసుకున్నవాళ్ళ జాడీలకూ పట్టదు.